బిడ్డ తీస్కపోతది

ఆ పొద్దున జగిత్యాల మీద మబ్బు కురవలేదు, కదలలేదు. మురికి గుడ్డలా వేలాడుతూ ఉండిపోయింది.

మామిడి మార్కెట్లో బేరగాడి వేషంలో కూర్చున్న నిఘా విభాగం చీఫ్ బుచ్చన్న దగ్గరికి ఏజెంట్ వెంకటి వెళ్లాడు.

"కాయలు పండినయా?"

"పండలే. మురిగినయ్."

కోడ్ కలిసింది. బుచ్చన్న గొంతు తగ్గించాడు.

"కోరుట్లల ఒక స్కానింగ్ సెంటర్. పక్షవాతం అచ్చినోళ్లకు రంగు మందు ఎక్కించి సీటీ యాంజియో తీస్తరు. మెదడుల ఏ రక్తనాళం మూసుకపోయిందో గా బొమ్మల కనవడాలె. విదేశీ ముఠా సాఫ్ట్‌వేర్ నెత్తురు గడ్డను చెరిపి, నాళం మంచిగున్నట్టు గీస్తున్నది. డాక్టర్ అది నమ్మి ఇంటికి తోలుతున్నడు."

"ఎందుకు సార్?"

"ట్రయల్. ఊరోళ్ల మీద పారితె, రేపు ఢిల్లీ పెద్దోళ్ల మీద. చెరపకముందు బొమ్మ కాపీ కొట్టు. లోపల టెక్నీషియన్ ప్రవళిక మన మనిషే."

వెంకటి పక్కకు తిరిగి ఉమ్మేశాడు. "థూ! పురుగులు నయం."

కోరుట్లలో ఊడ్చేవాడి వేషంలో, తుడిచే కర్రతో సెంటర్ లోపలికి వెళ్లాడు. మిషన్ వెనక తంబాకు డబ్బా అతికించాడు. అందులో కాపీ చిప్.

సిరిసిల్ల మగ్గాల మనిషి రాజయ్య కోరుట్లకు చుట్టపుచూపుగా వచ్చి, చాయ్ తాగుతూ కుడిపక్కకు వాలిపోయాడు. చెయ్యి పోయింది, మాట పోయింది. కొడుకు శ్రీధర్ దుబాయి బ్యాగుతో నడవాలో తిరుగుతున్నాడు. కూతురు మంజుల గోడకు ఒరిగింది.

స్క్రీన్ మీద నాళాలు తెల్లగా వెలిగాయి. ఎడమవైపు ఒకటి తెగిన పోగులా ఆగిపోయింది. కన్ను మూసి తెరిచేలోపు అది అతుక్కుంది. కింద పడిన అక్షరాలు: నార్మల్.

వెంకటి మిషన్ వెనక్కి వంగాడు. డబ్బా తీసి మంజుల చేతిలో పెట్టాడు.

"చెల్లె, మీ నాయిన పానం గిండ్లున్నది. గేటు కాడ అంబులెన్సుల మా డాక్టర్ ఉన్నడు. ఇయ్యి. ఎవలడిగినా తంబాకు అను."

లోపలికొచ్చి ప్రవళిక ఎదుటే చీఫ్‌కు ఫోన్ చేశాడు. "సార్, డబ్బ బిడ్డ తీస్కపోతది."

ప్రవళిక ఎర్రని గోళ్లు సెల్‌ఫోన్ మీద టకటకలాడాయి.

గేటు దగ్గర ముఠా మనుషులు ఇద్దరు శ్రీధర్ మీద పడ్డారు. చొక్కా చించారు. జేబులో డబ్బా దొరికింది.

"అరే బై, గది నొప్పుల బామ్‌రా!" అని శ్రీధర్ మొత్తుకున్నాడు.

మంజుల వాళ్ల పక్కనుంచే నడిచిపోయింది.

వెంకటి కిటికీలోంచి అది చూశాడు. డబ్బా బిడ్డ తీసుకుపోతుందన్న మాట విన్నది చీఫ్, ప్రవళిక ఇద్దరే. గిరుక్కున తిరిగాడు. ఆమె చేతిలో సిరంజి. తడి కర్రతో మణికట్టు మీద ఒక్కటిచ్చాడు.

"బిడ్డంటే కొడుకు కాదా?" ఆమె అరుపులో ఇన్నాళ్లూ పలికిన తెలంగాణ యాస ఊడిపోయింది.

"ఈడ బిడ్డంటే ఆడివిల్లనే. యాస మంచిగనే నేర్చినవ్ గని, ఇంట్ల మాట నేర్వలే."

బయట రాజయ్యను ఇంటికి తీసుకెళ్లే ఆటోలోకి ఎత్తుతున్నారు. డ్రైవర్ గేరు వేశాడు.

"ఆపుండ్రి!" అంబులెన్సులోని డాక్టర్ లాప్‌టాప్‌తో ఉరికొచ్చాడు. "గడ్డ కనవడ్డది. కరీంనగర్‌ల తీస్తరు, నడువుండ్రి!"

ముఠా దొరికింది. రాజయ్య కోలుకుని సిరిసిల్ల చేరాక, వెంకటిని అన్నానికి పిలిచారు. రాజయ్య కుడిచేత్తో పచ్చిపులుసు ముద్ద కలిపాడు. సగం జారింది. సగం నోటికందింది.

రాజయ్య భార్య సత్యవ్వ మొదటి గరిటె మంజుల కంచంలో వేసింది. దుబాయి కొడుకు తన ఖాళీ కంచం చూసుకున్నాడు. రెండో గరిటె అతనికి పడింది. తిన్నారు.