నీలవేణి లేత్ మిషను

"ఒరే అబ్బాయ్, నరసింగరావు మావయ్య ఉన్నాడా?"

పాకలో లేత్ మిషను కింద వెల్లకిలా పడుకున్న శాల్తీ మెల్లగా బయటికి జరిగింది. తలకి తువ్వాలు, మొహం నిండా నల్లటి మడ్డి. ఆ మడ్డిలోంచి రెండు కళ్ళు చురచుర చూశాయి.

"అబ్బాయెవుడు? సూపు ఆనతన్నాదా నేదా బావా?"

కూర్మారావు చేతిలో సంచీ జారినంత పనైంది. ఆరేళ్ళు ఖరగ్‌పూర్‌లో పని నేర్చుకుని, మొన్ననే విశాఖపట్నంలో లేత్ మీద పనిచేసే టర్నరుగా చేరిన ఇస్త్రీ ప్యాంటు మనిషి అతను. వెళ్ళేనాటికి పరికిణీలో గెంతులేసిన మేనత్త కూతురేనా ఇది?

"నీలా! ఏటే ఈ అవతారం?"

"అవతారం కాదు, పని" అంది నీలవేణి లేచి నిలబడుతూ. "సూడ్డానికే కదా వొచ్చినావు? సూడు."

నరసింగరావు ఇరవై ఏళ్ళు జూట్ మిల్లులో ఆ లేత్ మిషను మీదే ఇనప కడ్డీలు నునుపు తేల్చాడు. మిల్లువాళ్ళు పాతదని తీసేస్తే కొనుక్కుని, ఎడ్లబండి మీద చీపురుపల్లిలో ఇంటికి తెచ్చుకున్నాడు. సొంతంగా షాపు పెట్టాలని ఆశ. తెచ్చిన వారానికే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నాలుగేళ్ళు దాని మీద కోళ్ళు నిద్రపోయాయి.

నిరుడు నీలవేణి ఆ కోళ్ళని తరిమేసింది. కిరసనాయిలుతో కడిగింది, ఎమిరీ కాగితంతో తుప్పు రుద్దింది. మంచం మీంచి తండ్రి చెబుతాడు, కూతురి చేతులు చేస్తాయి. వీధిలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నా, తల్లి తవిటమ్మ ఏడ్చినా ఆగలేదు. పొరుగు రైతు ఎల్లాజీ తన ఆయిల్ ఇంజను అరువిచ్చాడు. బదులుగా అతని పంపుకి ఇరుసు చేసిపెట్టాలి.

అంతా బాగానే ఉంది గానీ, కడ్డీ బిగించి కోస్తే ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నంగా వచ్చేది. ఎన్నిసార్లు కోసినా అంతే.

కూర్మారావు తండ్రి అప్పలసూరి, తవిటమ్మకి అన్న. నీలవేణిని కోడలిగా చేసుకోవాలని అతని పట్టుదల. "ఇనుము రుద్దీ గుంట కోడలంటే నలుగురూ నవ్వరా? ఆదివారం తుక్కు బండి తెస్తాను" అని తేల్చేశాడు. నీలవేణి ఎదురు తిరిగింది. చివరికి ఒక్క మాటకి ఒప్పుకుంది.

"బావ టర్నరు కదా మావా. బావ సూసి పనికిరాదంటే నానే బండెక్కించేస్తాను."

అందుకే ఈ శుక్రవారం కూర్మారావు వచ్చాడు.

అతను మిషను చుట్టూ తిరిగాడు. బెల్టు లాగి చూశాడు. కడ్డీ రెండో కొసని పట్టి ఉంచే టెయిల్‌స్టాక్ దగ్గర వంగి, ఒక కన్ను మూసి, బొటనవేలితో నొక్కి చాలాసేపు ఉండిపోయాడు. తెల్లచొక్కాకి మడ్డి అంటుకున్నా అతనికి పట్టలేదు. అది మాత్రం నీలవేణికి తెగ నచ్చింది.

కూర్మారావు చేతులు తుడుచుకుని, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"అరిగిపోనాది. ఇంక తుక్కే."

నీలవేణి తలకి చుట్టిన తువ్వాలు విప్పి మిషను మీద పడేసింది.

మర్నాడు పొద్దున్న మంచం మీద తండ్రి కళ్ళు తుడుచుకుంటున్నాడు. "ఒగ్గేయమ్మా."

"ఒగ్గను" అంది. "నాన్నా, మిల్లులో దీని మీద ఆకర్న ఏటి సేసినావు?"

"ఏటుంది... ఒక పక్క సన్నంగుండీ పిన్నులు. టెయిల్‌స్టాక్ కొంచెం పక్కకి జరిపి..." ఆయన మాట మధ్యలోనే ఆగిపోయింది. మళ్ళీ దాన్ని చోటుకి జరిపిన గుర్తు లేదు.

నీలవేణి పరిగెత్తింది. మిషను రెండు చివర్ల మొనల్నీ దగ్గరికి తెచ్చి చూసింది. రెండూ కలవలేదు. మధ్యలో బియ్యపు గింజంత తేడా! జరపడానికి మర పక్కనే ఉంది. ఆ మర మీద, మడ్డిలో, బావ బొటనవేలి ముద్ర ఇంకా చెరగలేదు.

అంటే అతనికి తెలుసు.

మిషను బాగుపడుతుందన్న సంతోషం, బావ అబద్ధమాడాడన్న మంట, రెండూ ఒక్కసారే కమ్ముకున్నాయి. పళ్ళు బిగించి స్పానరు అందుకుంది.

ఆదివారం తుక్కు బండి వచ్చేసరికి పాకలో ఇంజను టకటకలాడుతోంది. ఎల్లాజీ ఇరుసు మీంచి ఇనప చుట్టలు మెరుస్తూ రాలుతున్నాయి. అప్పలసూరి గుమ్మంలోనే నిలబడిపోయాడు. వెనకాల కూర్మారావు తల దించుకున్నాడు.

నీలవేణి బెల్టు తప్పించి, ఇరుసు ఊడదీసి, కొలిచే కాలిపర్‌తో సహా అతని చేతిలో పెట్టింది.

"కొల్సు బావా. కొల్సి మళ్ళీ తుక్కనే సెప్పు. ఈ సేత్తోనే బండెక్కిస్తాను."

అతను మూడు చోట్ల కొలిచాడు. మూడు చోట్లా ఒకటే కొలత. బయట చినుకులు మొదలయ్యాయి.

"నాన్నా, బండి పంపించెయ్" అన్నాడు. "మొన్న నాను అబద్దమాడేను. మిషను బంగారంలాగున్నాది."

"ఎందుకురా?" అప్పలసూరి గావుకేక పెట్టాడు.

"ఇది నడిస్తే నీల నాతో విశాపట్నం రాదని బయమేసింది."

నీలవేణి అతని చేతిలోంచి ఇరుసు లాక్కుంది.

"ఇష్టమని ఒక్క ముక్క సెప్పలేకపోనావా? నా ఏడాది కష్టాన్ని తుక్కని సెప్పాలా?"

"సెప్తే ఒప్పుకుందువా?"

"ఆలోసించుదును. ఇప్పుడదీ నేదు. ఎల్లు."

వెళ్ళాడు. కానీ మరుసటి ఆదివారం పాసింజరు రైలు దిగి మళ్ళీ వచ్చాడు. నీలవేణి మాట్లాడకుండా తుప్పు మరల డబ్బా ముందు పెట్టింది. రోజంతా తోమి వెళ్ళిపోయాడు. నాలుగు ఆదివారాలు అంతే. అయిదో ఆదివారం వానకి రైలు ఆలస్యమైంది. తను పదిసార్లు వీధిలోకి తొంగి చూసిన సంగతి గుర్తొచ్చి నీలవేణికి తన మీదే ఒళ్ళు మండింది.

అతను తడిసి ముద్దయి వచ్చాడు. తువ్వాలు విసిరింది.

"ఇంత వానలో ఎందుకొచ్చినావు?"

"ఇష్టం" అన్నాడు కూర్మారావు. "ఆ ముక్క సెప్పడానికే వొచ్చేను."

నీలవేణి నవ్వు దాచుకోవడానికి మిషను వైపు తిరిగింది. దాగలేదు.

ఆ వారమే అప్పలసూరి తాంబూలాల మాట ఎత్తాడు.

"నాను విశాపట్నం రాను మావా" అంది నీలవేణి అందరి ముందూ. "షాపు ఇక్కడే. బావే ఇక్కడికి రావాల."

"నా కొడుకు ఇల్లరికమా!" అప్పలసూరి మీసం అదిరింది.

"ఇల్లరికం కాదు నాన్నా, ఉజ్జోగం" అన్నాడు కూర్మారావు నీలవేణిని చూపిస్తూ. "మేస్త్రీ ఒప్పుకుంటేనే."

మంచం మీద నరసింగరావు ముందుగా నవ్వాడు. తవిటమ్మ నవ్వుకి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పలసూరి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "మీ ఇద్దరికీ బుర్రల్నేవు" అని, ఎడంచేత్తో మీసం సర్దుకుని, కుడిచెయ్యి ఎత్తి ఇద్దరి తలల మీదా పెట్టాడు.

"అక్కడ పని ఒగ్గేసి సోమారం ఆరింటికి పనిలోకి రా" అంది నీలవేణి బావతో. "ఆలీసమైతే ఒప్పుకోను."

అతను అయిదున్నరకే వచ్చాడు.