మెచ్చుకోలు

పొద్దున్నే అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని కూతురి డ్రస్సుకి నడుము దగ్గర మళ్ళీ కుట్టు బిగిస్తోంది. వీధివాళ్ళందరి బట్టలూ కుట్టే ఆవిడకి ఇన్నాళ్ళూ ఒకటే దిగులు, సొంత పిల్లకే ఏదీ అందంగా అమరదని. చిన్నప్పుడే వచ్చిన షుగరు, పూటపూటా ఇన్సులిన్, పైగా బొద్దుగా ఒళ్ళు. కాలేజీలో చేరాక ఆ ఒళ్ళు కరిగింది. అమ్మకి పండగే.

"బస్తా కాస్తా పుల్ల అయిపోయిందండీ!" అంది మురిపెంగా.

"తినడం మాత్రం బాగానే తింటోంది. ఆ కిటుకేదో మాకూ చెప్పమనండి," అంది బట్టలకొచ్చిన పక్కింటావిడ.

"నా తిట్లే! రోజూ తిడితే గోడైనా చిక్కుతుంది."

కూతురు విననట్టే సీసాడు నీళ్ళు గటగటా తాగి, ఇంకోటి నింపుకుంది.

పాలకోసం ఫ్రిజ్ తీసిన అమ్మకి తలుపు అరలో ఇన్సులిన్ పెన్నులు కనిపించాయి. పోయిన నెలవి సగానికి పైగా సీలు కూడా తీయలేదు.

"మీ నాన్న తెచ్చేది ఫ్రిజ్ అలంకారానికా? బద్ధకమా, పొగరా?"

"వేసుకుంటే లావవుతానమ్మా."

"ఏం కూశావ్?"

"మానేస్తే చిక్కుతాను. చిక్కాకే కదా నన్ను చూసి నవ్వావు. అంతకుముందు ఎప్పుడైనా నవ్వుంటే చెప్పు."

అమ్మ వెతుక్కుంది. ఒక్కటీ గుర్తు రాలేదు. నోరు మాత్రం అలవాటుగా ఆడింది.

"నాటకాలాపి కాలేజీకి నడు."

రెండడుగులు వేసి కూతురు గోడవారగా జారిపోయింది. ఎగశ్వాస, వాంతి, నోట్లోంచి మాగిపోయిన పండు వాసన. పక్కింటావిడ కేకలేస్తూ ఆటో కోసం పరిగెత్తింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ జరిగిందంతా విని నెమ్మదిగానే చెప్పింది. "ఇది బద్ధకం కాదమ్మా, జబ్బే. లావవుతామన్న భయంతో ఇన్సులిన్ మానేస్తారు. ప్రాణం మీదకొస్తుంది. తిన్నా చిక్కిపోవడం, ఆగని దాహం... ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"గమనించానండీ," అంది అమ్మ. "మెచ్చుకున్నాను."

సాయంత్రం నర్సు దిండు సరిచేస్తుంటే, పిల్లను లేపడానికి అమ్మ దాని నడుము చుట్టూ చెయ్యి వేసింది. కళ్ళు తెరిచే ఓపికైనా లేని ఆ పిల్ల, చెయ్యి తగలగానే పొట్ట లోపలికి లాక్కుంది.

అమ్మకి ఏడుపు ఆగలేదు. "వదులు తల్లీ... హాయిగా ఊపిరి పీల్చుకో. నేనేమీ అనను."

పిల్ల నమ్మలేదు. అమ్మ చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చుంది, ఆ పొట్ట ఎప్పుడు వదులవుతుందా అని.