ట్యాంకులో సున్నం

"మేడం, ఆ బకెట్ పోయొద్దు."

నిచ్చెన మీద నిలబడి ట్యాంకు మూత తీస్తున్న రమణి కిందికి చూసింది. టూల్ బ్యాగు భుజాన వేసుకుని, ఎండకు కళ్ళు చికిలించుకుంటూ ఒక అబ్బాయి నిలబడి ఉన్నాడు.

"నువ్వెవరప్పా?"

"ఓబుళేశు. సోలార్ పంపు సర్వీసుకు డోన్ నుంచి వచ్చినా. అది సున్నమేనా?"

"సున్నమే. నీళ్ళల్లో పులుపు చంపనీకి."

గుట్ట పక్కన చేన్లో ఉంది రమణి వాళ్ళ ఇల్లు. కరెంటు తీగ గానీ, పంచాయతీ పైపు గానీ అంత దూరం రాలేదు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని, మిద్దె మీద పడ్డ వాననీళ్ళనే ప్లాస్టిక్ ట్యాంకులో పట్టుకుని తాగుతారు. ఈ మధ్య ఆ నీళ్ళు పోసిన రాగి బిందెలో పచ్చటి మరకలు పడుతున్నాయి. నాలుకకు ఏదో రుచి తగులుతోందని రమణి అవ్వ హంపమ్మ నీళ్ళు తాగడమే తగ్గించింది. ఒంటిచేత్తో గొర్రెల ఫారం నడుపుతున్న రమణికి, ఏ పనీ ఇంకొకరికి అప్పగించే అలవాటు లేదు.

ఓబుళేశు కుళాయి నీళ్ళు పట్టి, బ్యాగులోంచి నీళ్ళు పరీక్షించే మీటర్ తీసి అందులో ముంచాడు. "పీహెచ్ ఆరుకు తక్కువుండాది. ఏడు దాటితే చాలు. సున్నం రవ్వంత ఎక్కువైనా..."

"రవ్వంతే పోస్తాండా," అంటూ బకెట్ మొత్తం వంచేసింది.

మరునాడు ఫోన్ చేసింది కూడా ఆమే. "మొగం కడుక్కుంటే కండ్లు మండుతాండాయి. రా."

ఈసారి మీటర్ పదకొండు చూపింది. 'నేను చెప్పలేదా' అన్న మాట ఓబుళేశు నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాడు.

"ట్యాంకు ఖాళీ చేయాల."

"చేయను. మళ్ళీ వాన ఎప్పుడో ఏమో. అంతవరకు అవ్వకూ నాకూ ఇవే నీళ్ళు." కాసేపు ఆలోచించింది. "వెల్లవేసే సున్నం తెరిచిపెడితే పైన తెట్టు కట్టి, ఘాటు తగ్గుతాది కదా. అది గాలికేనా?"

అతను ఆమెను కొత్తగా చూశాడు. "గాలికే. గాలి కలిస్తే సున్నం సుద్దయి అడుక్కు దిగుతాది. నాకు తట్టనే లేదు."

ఓబుళేశు తెచ్చిన చిన్న సోలార్ పంపుతో ట్యాంకు నీళ్ళను పైకెత్తి, చిల్లుల పైపు గుండా మళ్ళీ ట్యాంకులోకే జల్లులా పడేట్టు చేశారు. ఎండ ఉన్నంతసేపూ ఆ జల్లు ఆగలేదు. తాగే నీళ్ళ క్యాను ఓబుళేశే రోజూ డోన్ నుంచి తెచ్చాడు. తెచ్చాక వెంటనే పోయేవాడు కాదు.

"డోన్‌లో నీకు వేరే పంపుల్లేవా?"

"ఉండాయి. ఆడ ఎవరూ తిట్టరు."

"తిట్లు కావాల్నా?"

"అలవాటైపోయె, ఏం చేసేది."

రమణి నవ్వు దాచుకోవడానికి గొర్రెల వైపు తిరిగింది.

మీటర్ ఎనిమిదికి దిగింది. వచ్చే వానలకు మాత్రం సున్నం వద్దన్నాడు ఓబుళేశు. మిద్దె నీళ్ళు ఒక డ్రమ్ములోని సున్నపురాయి ముక్కల మీదుగా ట్యాంకులోకి పోవాలి. "రాయి కావలసినంతే కరుగుతాది. మన మాదిరి తొందరపడదు."

"సుత్తి ఇట్లియ్యి. నువ్వు రాయిని బతిమాలుకుంటాండావు."

రాళ్ళతో డ్రమ్ము నిండింది. పని అయిపోయింది. ఇక రావడానికి ఓబుళేశుకు సాకు దొరకలేదు.

తొలి పెద్దవాన కురిసిన సాయంత్రం నిలువునా తడిసిన బైకొకటి ఇంటి ముందు ఆగింది. ఓబుళేశు నేరుగా ట్యాంకు దగ్గరికి నడిచి మీటర్ ముంచాడు. ఏడున్నర.

"బాగుండాది," అన్నాడు.

"పీహెచ్ పేపర్లు ఇచ్చే పోయినావు కదా. ఫోన్లో అడిగింటే నేనే చెప్పేదాన్ని. ఇంత వానలో ఇది చూడనీకే వచ్చినావా?"

"కాదు." మీటర్ జేబులో పెట్టుకున్నాడు. "నిన్ను చూడనీకి. నువ్వంటే నాకు శానా ఇష్టం రమణీ. నన్ను పెండ్లి చేసుకుంటావా?"

రమణి జవాబు చెప్పేలోపే వసారాలోంచి హంపమ్మ గొంతు వినిపించింది.

"తడిగుడ్డల్తో పెండ్లి మాటలేంది నాయనా? లోపలికి రా. మీది యావూరు? మీ అమ్మ పేరేమి?"

"ఆళ్లగడ్డ, అవ్వా," అంది రమణి. "అమ్మ పేరు శివకుమారి."

ఓబుళేశు ఆమె వైపు తిరిగాడు. "మా అమ్మ పేరు నీకెట్ల తెలుసు?"

"నువ్వు అడిగేలోపల ఎండాకాలం వస్తాదని, మీ ఆఫీసులో నెంబరు తీసుకోని నిన్న నేనే ఫోన్ చేసి మాట్లాడినా. ఆయమ్మ ఆదివారం వస్తాదంట."

హంపమ్మ నవ్వుతూ ఓబుళేశు భుజం మీద పొడి తువ్వాలు వేసింది.