పొద్దుటి చుక్క

"ఇవాళ పదకొండు గంటల్లోపు సైరుసి చచ్చిపోతాడు," అన్నాడు మేజర్ కలియోవా. "ఎలాగో తెలీదు. విదేశీ చేపల ట్రాలర్ల ముఠా నుంచి మనకి చిక్కింది ఒక్క కోడ్ మాటే. 'పొద్దుటి చుక్క'."

పదకొండుకి రాజధాని సువాలోని హోటల్లో చేపల వేట ఒప్పందం. దీవుల తరఫున పెద్దాయన సైరుసి సంతకం పెడితే ఆ ట్రాలర్లకి ఈ సముద్రంలో చోటుండదు.

"లొరైనీ ఏమంటోంది సార్?" అడిగింది ఏజెంట్ తొరికా. లొరైనీ సైరుసికి సెక్రటరీ. ముఠాలో చేరినట్టు నటిస్తున్న తమ మనిషి.

"భయమేం లేదంటోంది."

పదింటికి తొరికా హోటల్ యూనిఫాంలో టీ ట్రే పట్టుకుని సైరుసి గదిలోకి వెళ్లింది. జాకెట్ గుండీలో కెమెరా. బల్ల మీద ఆస్తమా ఇన్‌హేలర్. పెద్దాయన కుర్చీలో తల వెనక్కి వాల్చాడు. ఎర్రరంగు వేసిన గోళ్ల మధ్య చిన్న సీసాతో అందంగా వంగి నిలబడింది లొరైనీ.

"గ్లకోమాకి కంటి చుక్కలు సార్. ఇకనుంచి పొద్దున కూడా వెయ్యమన్నారు డాక్టరుగారు."

"వెయ్యమ్మా. చూపు నిలిస్తే చాలు."

తొరికా ఆగిపోయింది. అమ్మకీ ఇవే రెండు జబ్బులు. ఆమెకి రాత్రి పూట ఒక్క చుక్కే. పొద్దున వేసే టిమొలాల్ అనే చుక్కలమందు ఆస్తమా ఉన్నవాళ్లకి విషమని డాక్టరు కార్డు మీద ఎర్రసిరాతో రాశాడు. అది కంట్లోంచి గొంతులోకి, రక్తంలోకి దిగి ఊపిరి బిగించేస్తుంది.

చుక్క సీసా మూతి దగ్గర ఉబ్బింది.

ట్రే వదిలేసి తొరికా దూకింది. చుక్క ఆమె చేతిమీద పడింది.

"ఏంటిది, పిచ్చా నీకు?" అరిచాడు సైరుసి.

లొరైనీ మణికట్టు మెలితిప్పి సీసా లాక్కుంది తొరికా. పై లేబుల్ గీకితే కింద టిమొలాల్ అని ఉంది.

"చూపు పోతుందన్న భయంతో నిన్ను నమ్మి తల వాల్చాడే!"

"ఎలాగూ గుడ్డివాడయ్యే ముసలాడు," నవ్వింది లొరైనీ. "ఆస్తమాతో పోయాడనుకుని నువ్వే పూలు తెచ్చేదానివి."

తొరికా ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకుంది. మొన్న ఆదివారం దీనితోనే ఒకే పళ్లెంలో చేప తిన్నది.

పదకొండుకి సైరుసి సంతకం పెట్టాడు.

"చెయ్యెలా ఉంది?" అడిగాడు మేజర్.

"నాలుగుసార్లు సబ్బుతో రుద్దాను సార్. మందు పోయింది. ఆ లొరైనీని పట్టుకున్న జిడ్డే వదలట్లేదు."