మున్వర్ పేరున నడిచిన పెట్టె

మా ఇల్లు హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్ వెనక సందులో. నేను, నా భర్త మున్వర్ ఇంట్లోనే కూర్చుని, గూళ్ళ ధరలు రైతుల ఫోన్లకు పంపే చిన్న ప్రోగ్రాము నడిపేవాళ్ళం.

ప్రోగ్రామును దాని సరంజామాతో సహా కంటైనరనే పెట్టెలో పెట్టి నడుపుతారు. ఆ పెట్టెల్ని నడిపే సాధనాల్లో మున్వర్‌కు డాకర్ ఇష్టం. అందులో వెనకాల కాపలా ప్రోగ్రామొకటి ఎప్పుడూ మేలుకుని పెట్టెలన్నీ చూసుకుంటుంది. నాకు పాడ్‌మన్ నచ్చేది. దాంట్లో కాపలా లేదు. ఎవరు మొదలుపెడితే పెట్టె వాళ్ళ పేరునే నడుస్తుంది. అన్నం తింటూ కూడా ఇదే వాదన.

"మనం నిద్రపోతే ఏదో ఒకటి మేలుకోవాల కదా తస్లీమ్" అనేవాడు.

ఒకరోజు ధర్మవరం నుంచి బైకు మీద వస్తూ, పెనుకొండ దాటినాక లారీ గుద్ది పోయాడు. నలభయ్యో రోజు ఫాతిహా అయినాక కంప్యూటర్లోంచి అతని పేరు నేనే తీసేశాను. డాకర్ తీసేసి పాడ్‌మన్ పెట్టుకున్నాను.

పోయిన వారం శుక్రవారం మధ్యాహ్నం నా పెట్టె మొదలు కాలేదు. ధరలు బయటికి పోయే పోర్టును వేరే పెట్టె పట్టుకుని ఉంది. ఎవరిదా అని చూశాను.

మున్వర్.

మొదలై నాలుగు నిమిషాలు...

గదిలో పట్టుగూళ్ళ వాసన. మార్కెట్ నుంచి వచ్చినప్పుడు అతని చొక్కాకు ఉండే వాసన.

మున్వర్ వాళ్ళమ్మ, మా అత్త రహమత్‌బీ ఏమైందని అడిగితే చెప్పాను. ఆమె నా కుర్చీ పట్టుకుంది.

"వాడు ఆడ ఉండాడా?" గుసగుసగా అడిగింది.

"పేరే అత్తా. ఆపేస్తా."

"ఆపొద్దమ్మా... ఒక్క పూట ఉండనీ."

రైతుల ఫోన్లు ఆగడం లేదు. ధర తెలియకపోతే దళారులు చెప్పిందే ధర. ఏడుస్తూ ఆపేశాను. ఆపమంటే పెట్టె వెంటనే ఆగదు, సర్దుకోవడానికి పది సెకన్లు ఉంటాయి. అది ఆ పది సెకన్లూ వాడుకుంది. అత్త లోపలికి పోయి పడుకుంది.

ధరలు పంపాక మళ్ళీ చూశాను. రెండు నడుస్తున్నాయి. ఒకటి నాది. రెండోది మొదలై ఒక్క నిమిషం.

రహమత్‌బీ.

ఆమె జన్మలో కంప్యూటర్ ముట్టలేదు. ఆ పేరు అందులో ఎప్పుడూ లేదు.

పరుగెత్తాను. పిలిచాను. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది... ఊపిరి లేదు.

ఆమెను పూడ్చి వారమైంది. ఆ పెట్టెను నేను ఆపలేదు. ఇంకో పది సెకన్లు చూసే ధైర్యం నాకు లేదు.

ఈ పొద్దు మూడోది మొదలైంది. పేరుండాల్సిన చోటు ఇంకా ఖాళీగా ఉంది.