ఆరో వెర్షన్ దారి

కిర్రు... కిర్రు... మరలు ఊడుతున్న చప్పుడు. ఆ తరువాతే సర్వర్ గది కప్పులో పలక తొలగింది. నీలిరంగు యూనిఫాంలో ఏసీ మెకానిక్ నిచ్చెన దిగింది.

మెకానిక్ కాదు. ఏజెంట్ తొమ్మిది.

ఉదయం చీఫ్ చెప్పినది క్లుప్తం. శత్రు ముఠాలో మన మనిషి ఉన్నాడు. అతని ఫోటో పదకొండు గంటలకు ఇక్కడి నుంచి మెయిల్‌లో ముఠాకు చేరబోతోంది. పంపేది ఇక్కడి నెట్‌వర్క్ ఇంజనీరే, మన జీతం తింటూ వాళ్ళ పాట పాడే మనిషి. సర్వర్ కరెంటు మాత్రం తీయకూడదు. దానిమీద ముఠా కన్నుంది; అది మూగబోతే అనుమానం వచ్చిన ప్రతివాణ్ణీ ముందు కాల్చి, తరువాత ఆలోచిస్తుంది.

ముఠాలో ఉన్న ఆ మనిషి ఏజెంటుకు తోడబుట్టిన అన్న. ఆ మాట చీఫ్ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

ముత్యాల చెవిపోగులు, ఎర్రని గోళ్ళు, ఒడిలో సైలెన్సర్ పిస్టల్. ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలింది.

“ఏసీ బాగానే ఉందమ్మా. బాగోలేనిది నీ టైమే. కదలకు.”

పదకొండు గంటలైంది. విండోస్, లినక్స్, మ్యాక్: ఒకటి ఆగినా మరొకటి పంపేలా మూడు యంత్రాల్లో మెయిల్ సిద్ధంగా ఉంది. ముఠా చిరునామాలకు దారిని చీఫ్ మనుషులు ఫైర్‌వాల్ అనే నెట్‌వర్క్ కాపలాగోడలో ముందే మూశారు. మూడు తెరలూ ఎర్రబడ్డాయి.

అంతలోనే మూడూ పచ్చబడ్డాయి. మెయిల్ నలభై శాతం పోయింది.

ఏజెంటుకు ఒళ్ళు మండింది. పాత ఫైర్‌వాల్ రూల్స్ కాగితాన్ని కాపీ కొట్టి, కొత్త తేదీ వేసి సంతకం చేయడం తన శాఖవారి నిత్యకృత్యం. అందులో ఉన్నవన్నీ నాలుగు సంఖ్యల పాత ఇంటర్నెట్ చిరునామాలే. మెయిల్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఐపీవీ6, అంటే ఆ చిరునామాల ఆరో వెర్షన్, నేర్చింది; పాత దారి మూసుకోగానే, ఎవరూ కాపలా పెట్టని కొత్త దారి పట్టింది.

డెబ్బై.

“గది వేడెక్కింది మేడమ్. రెండు డిగ్రీలు తగ్గిస్తా,” అంటూ ఏజెంట్ ఏసీ రిమోట్ పైకెత్తింది. నిజానికి అది ఫైర్‌వాల్ తాళంచెవి.

“తగ్గించుకో. నువ్వెలాగూ చల్లబడేదానివేగా.”

వేలు నాలుగుసార్లు కదిలింది; ఆరో వెర్షన్ దారి కూడా మూసుకుంది. తెరల మీది పచ్చగీత తొంభై తొమ్మిది దగ్గర నిలిచిపోయింది. ఇంజనీరు తెర వైపు తల తిప్పింది. ఆ రెప్పపాటులో ఏజెంట్ తోసిన నిచ్చెన ఆమె మీద పడింది.

చేతులకు సంకెళ్ళు పడ్డాక కూడా ఆమె నోరు మూయలేదు.

“ఫోటో పోతే పోయింది. పేరన్నా చెప్పవే. ఎవడు వాడు?”

పేరు ఎత్తకూడదన్నది నియమం. అన్న ముఠాలో చేరిన ఈ మూడేళ్ళలో ఏజెంట్ దాన్ని తప్పలేదు. రిమోట్ పట్టిన చేత్తో చెమట తుడుచుకుంటూ, మొదటిసారి నవ్వి, ఇంట్లో తప్ప ఎవరికీ తెలియని ముద్దుపేరు చెప్పింది.

“మా ఉడతన్న.”