ఏడుకు ముందు చుక్క

ఉదయం పది గంటలకు చీఫ్ పిలిచి, ఏజెంట్‌కి అసైన్‌మెంట్ ఇచ్చాడు.

"సైన్యానికి ఆయింట్‌మెంట్ చేసే ఫ్యాక్టరీ. విదేశీ ముఠా పందికొవ్వు డబ్బాల్లో ఒక విషం డబ్బా కలిపేసింది. అది ఏ డబ్బాయో తెలీదు. పన్నెండింటికి మిక్సర్ ఆన్ చేస్తారు."

"మరి ల్యాబ్ డాక్టరమ్మ? మూడు నెలలుగా నేను నిఘా వేసిన మనిషి?"

"ఆవిడ మన డబుల్ ఏజెంట్. నోరు విప్పితే ముఠా చంపేస్తుంది. అందుకే డబ్బా ఏదో రిపోర్టు అంకెల్లోనే చెబుతానంది. తీరా చూస్తే అన్నీ మామూలు అంకెలే. అమ్ముడుపోయినట్టుంది. మధ్యాహ్నం అరెస్టు."

ఆ ల్యాబ్‌లో టైపిస్టు వేషం ఏజెంట్‌దే. కొవ్వు కణజాలంలో ఫాస్ఫోలిపిడ్ అనే కణపొర పదార్థం ఒక శాతం లోపేనని వేషం కోసం బట్టీపట్టాడు. నిన్న పద్నాలుగో డబ్బాకి ఆమె ఏడు శాతం అని రాస్తే నవ్వుకున్నాడు. ఆమె సంతకం చేసి వెళ్ళాక, అడక్కుండానే, ఏడుకు ముందు సున్నా, చుక్క టైపు చేశాడు.

ఏడు శాతమంటే అది కొవ్వు కాదు. విషాన్ని చర్మం గుండా లోపలికి దింపడానికి చుట్టిన ఫాస్ఫోలిపిడ్ పొర!

చెప్పాలి. కానీ "వెళ్తున్నా సార్," అని మాత్రం అన్నాడు. దారి పొడవునా తనమీద తనకే అసహ్యం వేసింది.

పన్నెండుకు నిమిషం ముందు ఇన్‌స్పెక్టర్ వేషంలో, అతికించిన మీసంతో ఫ్యాక్టరీలో దిగాడు. మిక్సర్ పక్కన హైహీల్స్‌లో, ఖరీదైన సెంటు వాసనతో డాక్టరమ్మ. పద్నాలుగో డబ్బా అప్పటికే మిక్సర్‌లో ఖాళీ అయింది.

"కొవ్వు కరిగిందా?" కోడ్ మాటల్లో అడిగాడు.

"ఇంకా పేరుకునే ఉంది. ఫోర్‌మన్ ముఠా మనిషే!"

ఫోర్‌మన్ స్విచ్ నొక్కాడు. ఏజెంట్ కరెంటు తీసేసే తన పెన్ను క్లిప్ నొక్కాడు. కరెంటు పోయింది. మిక్సర్ రెక్క కదలబోయి ఆగింది. పారిపోబోయిన ఫోర్‌మన్‌ని ఇద్దరూ కలిసి కట్టేశారు.

"మీ రిపోర్టులో ఏడుకు ముందు చుక్క నేనే పెట్టాను," అన్నాడు ఏజెంట్, తల దించుకుని. "మీరు అమ్ముడుపోయారని చీఫ్ అంటుంటే విని కూడా నోరు మూసుకున్నాను. తప్పు నాది."

ఆమె చీఫ్‌కి ఫోన్ కలిపి అతని చేతికిచ్చింది. "నాక్కాదు, ఆయనకి చెప్పు."

చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు.

"నువ్వు బట్టీపట్టింది నిజమే తమ్ముడూ," అందామె ఫోన్ తిరిగి తీసుకుంటూ. "ఆ ఒక్క శాతం తీసేస్తే మిగతాదంతా కొవ్వే. అచ్చం నీలాగే!"